పిలుపు, పదవి, ప్రజలు: ధర్మవరం సీమలో విన్సెంట్ ఫెర్రర్ పరిచర్య – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

వేదాంత కళాశాలలో చేరగోరు ప్రతి విద్యార్థి తన పిలుపును గూర్చి ఒక పుట వ్రాసి ఇవ్వడం మనలో ఆచారము. ఆ పుటలలో చాలా వరకు ఒకే తీరున ఉంటాయి. ఫలానా దినమున, ఫలానా కూటములో దేవుడు నన్ను పిలిచాడు. నాకు ఫలానా ప్రాంతమును గూర్చిన భారము ఉన్నది. నేను ఫలానా పని చేస్తాను. వ్రాసినవారి యథార్థతను మేము శంకించడము లేదు. అయితే సంఘచరిత్ర చదివినకొలది, పిలుపు అనేది ఇంత నేరుగా, ఇంత త్వరగా తేలిపోయే సంగతి కాదని తోస్తుంది. కొందరికి అది యుద్ధము గుండా వచ్చింది. కొందరికి బహిష్కరణ గుండా వచ్చింది. ఒకసారి దొరికినదనుకొన్న పిలుపు కోసము, దానిని ఇచ్చిన సంస్థనే విడిచిపెట్టవలసి వచ్చినవారు కూడా ఉన్నారు.

అట్టివారిలో ఒకరు మన పొరుగుననే, ధర్మవరమునకు సమీపమున, అనంతపురం–కదిరి రహదారి మీదనున్న బత్తలపల్లిలో సమాధి చేయబడ్డారు. ఆయన పేరు విన్సెంట్ ఫెర్రర్. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములలో పరిచర్య చేయు కాపరులలో ఆయన పేరు విననివారు ఉండరు. కాని ఆయనను మనము ‘ఆస్పత్రి కట్టించిన ఫాదర్’గానే ఎరుగుదుము. సంఘచరిత్ర విద్యార్థులుగా ఆయన జీవితమును పరిశీలించినవారు మనలో తక్కువ. ఆయన రోమను కతోలికుడు కావడం ఒక కారణము కావచ్చు. తరువాత సన్యాస సభను విడిచి వివాహము చేసుకొనుట మరియొక కారణము కావచ్చు. కతోలికులకు ఆయన విడిచిపోయినవాడు, మనకు పరాయివాడు. ఈ రెండింటి నడుమ ఆయన చరిత్ర వార్తాపత్రికలకే మిగిలిపోయింది.

నేల, కరవు, పూర్వపు మిషనులు

ఫెర్రర్ గారు ఎక్కడికి వచ్చారో తెలియనిదే ఆయన చేసిన పని అర్థము కాదు. పూర్వపు అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుండి వేరుపడినది. 2022 ఏప్రిల్ 4న దాని దక్షిణ భాగము శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పడగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడును అందులో చేరాయి. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరము దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడుతుంది. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము. దేశములో జైసల్మేరు తరువాత అతి తక్కువ వర్షము పడు జిల్లాగా దీనిని చెప్పుకొంటారు. ఆ కొద్ది వానను నమ్ముకొని వేరుశనగ వేసిన రైతు, ఒక్క వాన తప్పితే అప్పులపాలు. 1876–78 నాటి మహాకరవు ఈ సీమను ఎంత ఊడ్చివేసిందో పెద్దలు తమ పెద్దల నోట విన్నారు.

పెనుకొండ ఒకప్పుడు రాజధాని. 1565లో రాక్షసి తంగడి యుద్ధము తరువాత తిరుమలరాయలు విజయనగరము విడిచి ఇక్కడికి వచ్చాడు. కొంత కాలమునకు రాజధాని చంద్రగిరికి పోయింది; కోట మిగిలింది, చుట్టుప్రక్కల పల్లెల కరవు మిగిలింది. హిందూపురమునకు కన్నడ సీమతో వ్యాపారము, ధర్మవరమునకు పట్టుమగ్గము ఆధారమయ్యాయి. పల్లెలలోని దళితులకు ఇవేవీ పెద్దగా ఆధారము కాలేదు.

సువార్త ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. 18వ శతాబ్ది ఆరంభములో ఫ్రెంచి జెస్యూట్ గురువులు, 1606లో మధురైలో రాబర్ట్ డి నోబిలి ఆరంభించిన పద్ధతిలో, సన్యాసుల వేషభాషలతో పుంగనూరు, చిక్కబళ్ళాపురము మీదుగా ఈ సీమలో తిరిగారు. బత్తలపల్లి నుండి కదిరి వైపు పోతే తగిలే ముదిగుబ్బలోను, ఆలమూరులోను కొన్ని రెడ్డి కుటుంబములు అప్పుడే విశ్వాసములోనికి వచ్చాయి. తరువాత కరవులకు, యుద్ధములకు తాళలేక వారిలో అనేకులు గుంటూరు సీమకు వలసపోయారు. ఫిరంగిపురము మొదలైన చోట్ల ఉన్న ప్రాచీన కతోలిక కుటుంబములలో చాలమంది వీరి సంతతివారే. 1773లో పోపు జెస్యూట్ సభను రద్దు చేయడముతో వారి మిషను కూడ సన్నగిల్లింది. ప్రొటెస్టెంటుల విషయానికి వస్తే, లండన్ మిషనరీ సొసైటీ 1810లో బళ్ళారిలో ఆరంభించిన పని క్రమముగా గుత్తి, అనంతపురం, కదిరి వరకు సాగింది.

ఈ పాత సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఇక్కడ విశ్వాసము పుట్టకపోవడము సమస్య కాలేదు. విశ్వసించినవారు ఈ నేల మీద నిలువలేకపోవడము సమస్య అయ్యింది. నీరు లేనందున సంఘమే వలసపోయింది. మన సంఘచరిత్ర గ్రంథములు హింసలను గూర్చి వ్రాసినంతగా బావులను గూర్చి వ్రాయవు. అది మన లోపమని నా అభిప్రాయము.

సైనికుడు, న్యాయవిద్యార్థి, సన్యాసి

విన్సెంట్ ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న స్పెయిన్ దేశములోని బార్సెలోనాలో జన్మించారు. ఆయన యౌవనములో ప్రవేశించేసరికి 1936లో స్పెయిన్ అంతర్యుద్ధము మొదలైంది. మీసమైనా సరిగా మొలవని పిల్లలను సైన్యములోనికి తీసుకొన్న రోజులవి. రిపబ్లికు పక్షమున ఆయనను పిలిచారు. ఎబ్రో నదీతీరమున 1938లో జరిగిన ఘోరయుద్ధములో ఆయన ఉన్నారు. ఓడిపోయిన పక్షముతో కలిసి సరిహద్దు దాటి ఫ్రాన్సులోని నిర్బంధ శిబిరమునకు, అటుపిమ్మట తిరిగి స్వదేశములోని నిర్బంధమునకు వెళ్ళవలసి వచ్చింది. విడుదలైన తరువాత న్యాయశాస్త్రము చదివారు. దానిని మధ్యలో విడిచి 1944లో జెస్యూట్ సభలో చేరారు.

ఆ సభ స్థాపకుడైన ఇగ్నేషియస్ లొయోలా కూడ సైనికుడే అన్నది విద్యార్థులు గమనించవలెను. 1521లో పాంప్లోనా కోట యుద్ధములో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, మంచమున పడియున్న కాలములో ఆయన జీవితము మలుపు తిరిగింది. నాలుగు శతాబ్దముల తరువాత ఇంకొక సైనికుడు, ఈసారి గాయముతో గాక ఓటమితో, అదే సభ తలుపు తట్టాడు. ఫెర్రర్ గారికి అప్పుడు కావలసినది ఇతరులకు సహాయపడు ఒక మార్గము. మతసభ ఆ మార్గముగా దొరికింది. తరువాత జరిగిన సంగతులన్నిటికీ మూలము ఇక్కడ ఉన్నది: ఆయనకు లక్ష్యము ముందు, సంస్థ తరువాత. మనలో చాలమందికి ఇది తలక్రిందులుగా ఉంటుంది. ముందు సంస్థలో చోటు సంపాదించి, పిమ్మట ఆ చోటులో చేయదగిన లక్ష్యము ఏదో వెదకుకొంటాము. ఇది తప్పని చెప్పడము లేదు. దేవుడు ఆ మార్గమున కూడ అనేకులను వాడుకొన్నాడు. కాని సంస్థకును లక్ష్యమునకును పొత్తు చెడిన దినమున ఏది నిలుస్తుందో ముందే తెలిసియుండుట మంచిది.

మన్మాడ్ బావులు

1952లో ఆయన ఓడదిగి ముంబయి చేరారు. పని మహారాష్ట్రలోని మన్మాడ్‌లో దొరికింది. అదియు మెట్టప్రాంతమే. అక్కడ ఆయన కనుగొన్న పద్ధతి చాల సామాన్యమైనది. రైతుకు భూమి ఉన్నది, చేతులలో బలమున్నది, నీళ్ళు లేవు. బావి త్రవ్వుకొను కాలములో కుటుంబమునకు తిండి ఉండదు గనుక త్రవ్వడము మొదలుపెట్టలేడు. ఫెర్రర్ గారు త్రవ్వు కాలమునకు గోధుమలు, నూనె ఇచ్చి, వడ్డీ లేని అప్పు సమకూర్చేవారు. నీళ్ళు పడి పంట వచ్చాక రైతు తిరిగి కడితే ఆ సొమ్ము ఇంకొకని బావికి పోయేది. ఒక బావిని చూచి ప్రక్క పల్లె రైతు వచ్చేవాడు.

ఇక్కడ మనము నాయకత్వము అను మాటను కొంచెము జాగ్రత్తగా వాడవలెను. ఈ రోజులలో నాయకత్వమును గూర్చిన సెమినార్లు ఎక్కువయ్యాయి. దర్శనమును ఒక వాక్యములో వ్రాసి గోడకు తగిలించమని చెబుతారు. మన్మాడ్ రైతులకు ఆయన గోడకు తగిలించిన వాక్యమేదీ ఇవ్వలేదు. ఒక్కొక్కరికి తన బావి దొరికింది. నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయములో పట్టణ ప్రాకారమును కట్టినవారి జాబితా ఉన్నది. బోధించేటప్పుడు మనము సాధారణముగా దాటవేసే అధ్యాయము. అందులో పలువురు తమ తమ ఇంటి యెదుటి భాగమును బాగుచేసుకొన్నారని ఉన్నది. మన్మాడ్‌లో జరిగినది దాదాపు అదే. నాయకుని లక్ష్యము రైతు యొక్క స్వంత లక్ష్యములో కలిసిపోయింది, రైతు పని చేసినది తన బిడ్డల కొరకు.

ఇది అందరికీ నచ్చలేదు. బావి గలవాడు కూలికి రాడు, అప్పుకు రాడు. పల్లెలలో పలుకుబడి గలవారికి ఇది కంటగింపు అయ్యింది. విదేశీ గురువు మతమార్పిడి చేస్తున్నాడన్న ఆరోపణ కూడ తోడయ్యింది. దేశము విడిచి పొమ్మని ఆజ్ఞ వచ్చింది. అప్పుడు 30,000 మందికి పైగా రైతులు మన్మాడ్ నుండి ముంబయికి సుమారు 250 కిలోమీటర్ల దూరము నడక సాగించి ఆ ఆజ్ఞకు నిరసన తెలిపారు. నాటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ మధ్యమార్గము చూపారు: ఫాదర్ కొద్దికాలము విదేశములో విశ్రాంతికి వెళ్ళి, తిరిగి భారతదేశమునకు స్వాగతింపబడతారని. 1968లో ఆయన వెళ్ళారు.

ఆ నడకలో పాల్గొన్న రైతులలో అత్యధికులు క్రైస్తవులు కారు. ఈ విషయము మీద మనము కొంతసేపు నిలువవలసియున్నది. ఒక కాపరిని ఊరి నుండి వెళ్ళగొట్టినప్పుడు సంఘస్థులు గాక ఊరివారు ఎంతమంది బయటికి వస్తారు? ఈ ప్రశ్న నన్ను నేను వేసుకొని, జవాబు చెప్పుకోలేకపోయాను.

అనంతపురము, పదవిని విడుచుట

1969లో ఆయన తిరిగి వచ్చారు, మహారాష్ట్రకు కాదు, అనంతపురమునకు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, మన వాడుకలో ఆర్డీటీ, ఆ సంవత్సరమే ఆరంభమయ్యింది. వారు దిగిన ఇంటి గోడ మీద ‘అద్భుతము కొరకు ఎదురుచూడు’ అన్న మాట కనిపించిందని, అప్పటినుండి అది వారి పనికి గురుతుగా నిలిచిందని ఆయనతో పనిచేసినవారు చెప్పుకొంటారు. వారితో వచ్చిన వారిలో ఆన్ పెర్రీ అను ఆంగ్లేయ యువతి ఉన్నారు. ముంబయిలో పత్రికా విలేఖరిగా పనిచేయుచు, బహిష్కరణ కాలములో ఫెర్రర్ గారిని కలుసుకొని, ఉద్యోగము మాని ఈ పనిలో చేరారు.

1970లో ఫెర్రర్ గారు జెస్యూట్ సభను విడిచి, అదే సంవత్సరము ఆన్ గారిని వివాహము చేసుకొన్నారు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు 50. సభలో 26 సంవత్సరములు గడిపారు.

ఈ ఘట్టమును ఎట్లు చూడవలెనను విషయములో మనకు తొందరపాటు తీర్పులు రెండు సిద్ధముగా ఉంటాయి. ప్రతిజ్ఞ తప్పినవాడని ఒకటి. ప్రొటెస్టెంటులమైన మనకు వివాహము అభ్యంతరము కాదు గనుక అందులో ఆలోచించవలసినదేమీ లేదని రెండవది. రెండును చాలవు. మ్రొక్కుకొని చెల్లించకుండుట కంటె మ్రొక్కుకొనకుండుట మేలని ప్రసంగి 5వ అధ్యాయము బోధిస్తుంది. దేవుని యెదుట చేసిన ప్రమాణము చిన్న విషయము కాదు. ఆయనతో ప్రమాణము చేసి, ఆ ప్రమాణములోనే జీవితాంతము మౌనముగా నిలిచిన సహోదరుల ఎదుట ఈ సంగతిని తేలికగా మాట్లాడరాదు. మరియొక ప్రక్క, ఆయన సభను విడిచినది సుఖము కొరకు కాదని తరువాతి 39 సంవత్సరములు చెబుతున్నాయి. అదే కరవు జిల్లాలో, అదే పేదల మధ్య, మరణపర్యంతము ఉండిపోయారు. వేషము మారింది, ఊరు మారలేదు.

మన దేశ చరిత్రలో దీనికి పోలికలు లేకపోలేదు. 1904లో ఢిల్లీకి వచ్చిన సి.ఎఫ్. ఆండ్రూస్ 1914లో గురుత్వ విధులను విడిచి శాంతినికేతనమునకు వెళ్ళారు. దానికి భిన్నమైన దారి మన తెలుగు నేలలోనే ఉన్నది. వి.ఎస్. అజరయ్య గారు వై.ఎం.సి.ఎ. కార్యదర్శి పదవి మాని 1909లో దోర్నకల్లు అడవి ప్రాంతమునకు మిషనరీగా వచ్చారు, 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1910 ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ధోరణిని ముఖము మీద విమర్శించి కూడ ఆయన సంఘము లోపలనే ఉండి, దళిత విశ్వాసులను, గ్రామ బోధకులను వేలకొలది తయారుచేశారు. అజరయ్య గారికి సంస్థ లోపల చోటు దొరికింది. ఫెర్రర్ గారికి దొరకలేదు, లేక ఆయన దొరకబుచ్చుకోలేదు. నా మట్టుకు, మన విద్యార్థులకు అజరయ్య గారి మార్గమునే ముందుగా చూపుతాను. ఏలయనగా సంఘమును విడిచి పోవుటకు ఫెర్రర్ గారిని సాకుగా చూపేవారు ఆయన బత్తలపల్లి ఎండలో నిలిచినన్ని ఏండ్లు ఎక్కడా నిలువరు.

ఇతరులు ఎట్లు నడిచారు

ఆర్డీటీ పని ఎన్నో శాఖలుగా విస్తరించింది. వాటన్నిటిని వివరించుట ఈ వ్యాసమునకు అవసరము లేదు. మన ప్రశ్నకు సంబంధించిన మూడు నాలుగు సంగతులు మాత్రము చూద్దాము.

మొదట బడి. దళితవాడలోని పిల్లవాడు ప్రభుత్వ పాఠశాలకు పోయినా ఇంటి వద్ద చెప్పేవారు లేక వెనుకబడేవాడు. ఉదయము, సాయంకాలము వాడలోనే బడి నడిపి, ఆ ప్రాంతములో చదువుకొన్న యువకుని గాని యువతిని గాని ఉపాధ్యాయునిగా పెట్టారు. అట్లు చదువుకొన్న పిల్లలలో కొందరు తరువాత అదే సంస్థలో పనివారయ్యారు. సంస్థ పనివారిలో అత్యధికులు స్థానికులే. సంఘములను వర్ధిల్లజేయు పాత కిటుకు ఇదే గదా అని మన గ్రామ బోధకుల చరిత్ర ఎరిగినవారు అనుకొనవచ్చు.

తరువాత స్త్రీలు. 1982 నుండి ఆన్ గారి పూనికతో స్త్రీల సంఘములు ఏర్పడ్డాయి. కట్టించిన ఇళ్ళను స్త్రీల పేర వ్రాయించడము మొదలుపెట్టారు. వినుటకు ఇది చిన్న కాగితపు పనిగా తోచవచ్చును. తాగివచ్చిన భర్త బయటికి నెట్టితే వీధిలో నిలిచిన స్త్రీలను ఏ కాపరి చూడలేదు? ఇల్లు ఆమె పేర ఉన్నప్పుడు ఆ మాట అనుటకు అతనికి నోరు రాదు. కుటుంబ జీవితము మీద మనము చేసిన ప్రసంగములలో ఎన్ని ఇంత పని చేశాయో ఆలోచించవలసినదే.

ఆస్పత్రులు కళ్యాణదుర్గము, బత్తలపల్లి, కణేకల్లులలో వెలిశాయి. బత్తలపల్లి ఆస్పత్రి 2000లో ఆరంభమైంది. హెచ్.ఐ.వి. సోకినవారిని చాలచోట్ల ముట్టుకొనుటకు జంకుచున్న ఆ కాలములో వారికి ఇక్కడ చికిత్స దొరికింది. ఆ వ్యాధిని గూర్చి, క్షయను గూర్చి ఈ పల్లెటూరి ఆస్పత్రి నుండి వెలువడిన పరిశోధన పత్రములు అంతర్జాతీయ వైద్య పత్రికలలో అచ్చయ్యాయి. అప్పట్లో మన సంఘములలో కొన్నింటిలో అట్టి రోగి ప్రభురాత్రి భోజనపు పాత్ర ముట్టవచ్చునా అని చర్చలు జరుగుచుండెను.

నిర్గమకాండము 18వ అధ్యాయములో యిత్రో తన అల్లుడైన మోషేకు ఇచ్చిన సలహాను మనము పని పంపకమునకు పాఠముగా చెబుతాము. అయితే అక్కడ మోషే పంచినది భారమునే గాక తీర్పు తీర్చు అధికారమును కూడ. ఎవరికి ఇల్లు, ఎవరికి బావి అన్న మాట గ్రామ సంఘములో తేలవలెనన్నప్పుడు ఫెర్రర్ గారు పంచినది ఆ అధికారమునే. మన సంఘములలో మనము పంచేది సాధారణముగా చాపలు పరచు పని.

చిక్కు ప్రశ్నలు

ఇంత చెప్పి, విమర్శను దాచుట న్యాయము కాదు.

మన కాపరులు తరచుగా అనేది ఇది: ఆర్డీటీ సువార్త ప్రకటించదు. నిజమే. అది మతముతో నిమిత్తము లేని ట్రస్టు. యేసు నామము చెప్పని మేలు యేసు నామమునకు మహిమ తెస్తుందా అను ప్రశ్న వేదాంతపరముగా సరియైన ప్రశ్నయే. యాకోబు పత్రిక 2వ అధ్యాయముతో మాత్రమే దానికి జవాబు చెప్పి తప్పించుకోలేము. రోమా 10వ అధ్యాయము కూడ మన చేతిలో ఉన్నది. మన్మాడ్‌లో మతమార్పిడి ఆరోపణతో ఒకసారి పని అంతయు పెల్లగింపబడిన మనిషి, అనంతపురములో ఆ గోడను కావాలనే కట్టుకొన్నాడని అర్థము చేసుకోగలము. అర్థము చేసుకొనుట వేరు, అనుసరించుట వేరు. మనము ప్రకటించుట మానలేము. అయితే ప్రకటించు మన నోటికి ఆ వాడలలో వినే చెవి ఎందుకు తగ్గిందో విచారించవచ్చు.

రెండవది, ధనము. ఆర్డీటీకి బలము స్పెయిన్ నుండి వచ్చింది. వేలాది స్పెయిన్ కుటుంబములు ఒక్కొక్క బిడ్డ పేర నెలనెలా పంపిన చందాలతో పని సాగింది. 1996లో బార్సెలోనాలో ఇందుకొరకు ఫౌండేషన్ నెలకొల్పారు. స్వదేశీ సంఘము, స్వయంపోషణ అని నూరేండ్లుగా మాట్లాడుచున్న మనకు ఇది మింగుడుపడదు. విదేశీ ధనము ఆగితే పని ఏమవుతుంది? మన మిషనుల విషయములో ఈ ప్రశ్నకు జవాబు చూచాము. 1947 తరువాత మిషనరీలు ఒక్కరొక్కరుగా వెళ్ళిపోగా ఎన్నో చోట్ల ఆస్పత్రులు మూతపడ్డాయి, ఆస్తుల తగవులు మిగిలాయి.

ఇంకొకటి. ఈ ప్రాంతపు ఎన్నో ఇళ్ళలో ఫాదర్ ఫొటోకు దండ వేసి ఉంటుంది. కృతజ్ఞత ఎక్కడ ఆగి ఆరాధన ఎక్కడ మొదలవుతుందో గీత గీయడము కష్టము. లుస్త్రలో పౌలు బర్నబాలు వస్త్రములు చింపుకొని వారించారు, చనిపోయినవాడు వారించలేడు.

1998లో స్పెయిన్ దేశము ఆయనకు ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియస్ బహుమానము ఇచ్చింది. 2009 జూన్ 19న అనంతపురములో ఆయన కన్నుమూశారు. బత్తలపల్లిలో జరిగిన భూస్థాపనకు పల్లెల నుండి వేలకొలది జనము వచ్చారు. పెద్ద నాయకుని మరణముతో సంస్థ కూలుట మనకు అలవాటైన దృశ్యము గనుక, ఇదియు అట్లే అవుతుందని అనుకొన్నవారు లేకపోలేదు. అట్లు కాలేదు. ఆన్ గారు, వారి కుమారుడు, ముఖ్యముగా ఆ వాడల బడులలో చదివి పెరిగిన పనివారు పనిని కొనసాగించారు.

2025లో ఆర్డీటీకి విదేశీ విరాళముల అనుమతి పునరుద్ధరణ సమస్య వచ్చింది. ఆస్పత్రులకు, బడులకు డబ్బు అందని పరిస్థితి ఏర్పడింది. అప్పుడు అనంతపురం సీమలో రైతులు, కూలీలు, ఒకనాటి ఆ బడుల పిల్లలు, ఆ ఆస్పత్రిలో ప్రసవించిన తల్లులు వీధులలోనికి వచ్చి ఆర్డీటీని కాపాడమని అడిగారు. ఈసారి వారు నడిచినది ఒక మనిషిని దేశములో ఉండనిమ్మని కాదు. ఆ మనిషి చనిపోయి అప్పటికి 16 సంవత్సరములు అయ్యింది.